మందుల చీటీకీ ఓ పొలిమేర

ఒక్కసారే ఆరు నెలలకు సరిపడా షుగరు బిళ్ళలు, బీపీ బిళ్ళలు కట్టమని అడిగారంటే ఆ ఇంట్లో పెద్దవాళ్ళు అమెరికా ప్రయాణం కడుతున్నారని చిలకలపూడిలోనైనా, బందరు కోనేరు సెంటర్లోనైనా మందుల షాపువాడు ఇట్టే పోల్చుకుంటాడు. ఆవకాయ, బందరు లడ్డు, మనవరాలికి చిలకలపూడి రోల్డుగోల్డు గాజులు సర్దాక పెట్టెలో మిగిలిన చోటంతా మందులదే. అక్కడ ఆవకాయ కొనుక్కోవచ్చు, లడ్డూ దొరుకుతుంది. మనూరి డాక్టరు రాసిన చీటీ చూపిస్తే మాత్రం బిళ్ళ ఇవ్వరు. ఈ కట్టడి అనాదిగా ఉన్నదేం కాదు.

పరాయి దేశంలో మందుల బెంగ బందరుకు కొత్తది కాదు. కాకపోతే అప్పట్లో బెంగ పెట్టుకున్నది వచ్చినవాళ్ళు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ మీద ఇంగ్లీషు వర్తకులు ఇక్కడికొచ్చి కోఠీ పెట్టారు. డచ్చివాళ్ళు అంతకు ముందే దిగారు. తెలియని నీళ్ళు, పడని ఎండ, అలవాటైన మందు దొరకని ఊరు. అందుకే ఓడ వైద్యుడి వెంట మందుల పెట్టె వచ్చేది. అందులో ఏమేం ఉండాలో, ఏది దేనికి వాడాలో చెబుతూ ఈస్టిండియా కంపెనీ మొదటి సర్జన్ జనరల్ జాన్ వుడాల్ 1617లో ‘ది సర్జన్స్ మేట్’ అనే పుస్తకమే వేశాడు. సముద్రం మీద చిగుళ్ళు కుళ్ళి మనుషుల్ని చంపే స్కర్వీకి నిమ్మరసం పట్టమని అందులో రాశాడు. మన సూట్‌కేసులో మందుల సంచికి ముత్తాత ఆ పెట్టే.

వైద్యుడు ఏ దేశంవాడన్నది ఆ కాలంలో ఎవరికీ పట్టలేదు. 1652లో బందరు రేవులో దిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఒక ముచ్చట రాశాడు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తలనొప్పికి ఆస్థాన వైద్యులు నాలుక కింద రక్తం తీయాలన్నారట. కోసింది డచ్చి సర్జను. సుల్తాను తన నాలుకనే పరాయివాడి కత్తికి అప్పజెప్పాడు, పట్టా చూపించమనలేదు.

చీటీకి చట్టబలం ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది, చావుల మీదుగా వచ్చింది. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫా మందును డైఇథిలిన్ గ్లైకాల్‌లో కరిగించి సిరప్‌గా అమ్మింది. అది విషం. వందమందికి పైగా పోయారు, అందులో పసివాళ్ళు చాలామంది. మరుసటి ఏడే కొత్త మందుల చట్టం చేశారు. చీటీ ఉంటేనే ఇవ్వాల్సినవి ఏవి, ఊరికే అమ్మదగ్గవి ఏవి అని గీత గీసింది మాత్రం 1951 నాటి డర్హమ్-హంఫ్రీ సవరణ. దాన్ని తెచ్చిన ఇద్దరు అమెరికా కాంగ్రెస్ సభ్యులూ ఫార్మసిస్టులే. హంఫ్రీ ఆ తర్వాత ఉపాధ్యక్షుడయ్యాడు.

మన దగ్గర 1940లో మందుల చట్టం, 1945లో నిబంధనలు వచ్చాయి. బిళ్ళల అట్ట మీద కనిపించే షెడ్యూల్ హెచ్, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల పట్టీ, ఆ నిబంధనల్లోదే. విచ్చలవిడిగా వాడుతున్న యాంటీబయాటిక్కుల్లో కొన్నిటిని, నిద్రమాత్రల్ని 2014 నుంచి హెచ్1 అనే ఇంకో గట్టి పట్టీలోకి చేర్చారు.

పొలిమేర ఇక్కడే పడింది. చీటీ విలువ కాగితంలో లేదు, రాసిన డాక్టరు రిజిస్ట్రేషన్లో ఉంది. ఆ రిజిస్ట్రేషన్ చెల్లేది ఆ దేశంలోనే. మన చట్టం ప్రకారం చూసినా అమెరికా డాక్టరు చీటీ ఇక్కడ చెల్లదు. బందరులో అడిగి చూసేవాడు లేడు, అంతే. యూరోపియన్ యూనియన్ దేశాలు మాత్రం 2011లో చేసుకున్న ఉమ్మడి చట్టం కింద ఒకరి చీటీని ఒకరు మన్నిస్తున్నాయి.

అమెరికా వెళ్ళే మనవాళ్ళకు చిక్కు లెక్కలో ఉంది. విజిటర్ వీసా మీద దిగినవాళ్ళకు సాధారణంగా ఆరు నెలల గడువు వేస్తారు. వెంట తెచ్చుకునే మందులు 90 రోజులకు మించకూడదని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాట. మిగతా మూడు నెలలకూ డాక్టరు ఉత్తరం, ఇంగ్లీషు చీటీ, పాస్‌పోర్టు, వీసా నకళ్ళు జతచేసి పోస్టులో తెప్పించుకోవచ్చంటుంది. లేదంటే అక్కడి డాక్టరు దగ్గరికెళ్ళాలి. వాల్‌మార్ట్ 2006లో కొన్ని జెనరిక్ మందుల్ని నెలకు నాలుగు డాలర్లకే అమ్మడం మొదలుపెట్టింది. అంటే బిళ్ళ చవకే, ఖరీదంతా చీటీది. పాత జబ్బుల రోజువారీ మందులకు విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పైసా ఇవ్వవు.

ఇందులో తెలుగువాడు నవ్వుకోవాల్సిందీ ఉంది. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ తయారైంది అమెరికాలోని లెడర్లీ కంపెనీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనలో. ఫైలేరియా బాధ పడ్డ మన డెల్టాకు హెట్రజాన్ మందు వచ్చిందీ అక్కణ్ణించే. ఇవాళ గుడివాడ నుంచి వెళ్ళిన అమ్మమ్మకు ఆ మెథోట్రెక్సేట్ కావాలన్నా అమెరికా డాక్టరు సంతకం ఉండాల్సిందే.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళ సంగతి ఇంకా గట్టిది. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు ముందస్తు అనుమతి లేకుండా పట్టుకెళ్తే యూఏఈలో జైలు పాలు కావచ్చు. కూరలో వేసుకునే గసగసాలు కూడా అక్కడ నిషిద్ధం.

కాబట్టి టిక్కెట్టు తీసుకోగానే మీ డాక్టరు దగ్గరికెళ్ళండి. మందుల పేర్లు జెనరిక్‌లో, పెద్దక్షరాల్లో రాయించుకోండి, మన వైద్య మండలి 2016లో తెచ్చిన నిబంధనా అదే చెబుతోంది. రెండు మూడు మందులు కలిపిన బిళ్ళయితే లోపల ఏది ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా రాయించండి, ఆ కలిపిన బిళ్ళలు చాలావరకు అక్కడ దొరకవు. అట్టల్లోంచి ఊడదీసి డబ్బాలో పోయకండి. ఇన్సులిన్, చీటీ, ఉత్తరం చేతి సంచిలోనే పెట్టుకోండి.