మంచు చరియలు (హిమకాల ఆరంభం)

పర్వతాల వాలుల్లో పేరుకున్న మంచు ఒక్కసారిగా తెగి దూసుకురావడాన్ని మంచు చరియలు విరిగిపడటం అంటారు. మంచు పలుచగా ఉంటే ముప్పూ తక్కువేననుకోవడం సహజమే గాని, హిమాలయాల్లో చలికాలం మొదట్లో కురిసే పలుచని మంచే తరచు అపాయానికి పునాది వేస్తుంది. నేల ఇంకా వెచ్చగా ఉండి, పైగాలి గడ్డకట్టే చలితో ఉండటం వల్ల నీటి ఆవిరి పొరల గుండా పైకి పాకుతూ అడుగు మంచును కోణాలు తేలిన పెద్ద రేణువులుగా మారుస్తుంది. పది సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీ సెల్సియస్‌కు మించిన ఉష్ణోగ్రత తేడా ఉంటే ఈ మార్పు వేగంగా సాగుతుంది. ఈ రేణువులు పిడికిట పట్టినా ముద్దకట్టక, చక్కెరలా వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. ఆపై కురిసిన మంచును గాలి గట్టి పలకగా పేర్చినప్పుడు, 30 నుంచి 45 డిగ్రీల వాలుపై ఒక్క మనిషి బరువుకే ఆ పలక తెగవచ్చు.

అయితే చరియల ముప్పు చలికాలం మొదటికే పరిమితం కాదు. 2022 అక్టోబరు 4న, అంటే చలికాలం ఇంకా రాకముందే, ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా శిఖరంపై శిక్షణలో ఉన్న పర్వతారోహకుల బృందంపై చరియలు పడి 27 మంది మరణించారు.

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో మంచు కురవకపోయినా ఇలాంటి విపత్తు తెలుగువారికి దూరపు సంగతి కాదు. 2016 ఫిబ్రవరి 3న, అంటే నడి చలికాలంలో, సియాచిన్‌లో దాదాపు 19,600 అడుగుల ఎత్తున మంచు కింద చిక్కి మరణించిన పదిమంది సైనికుల్లో నల్లమలకు పడమటనున్న పార్నపల్లె వాసి ముస్తాక్ అహ్మద్ ఒకరు. హిమాలయ ప్రాంతాలకు ముప్పు అంచనాలను రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన చండీగఢ్ ప్రయోగశాల వెలువరిస్తుంది.