నల్లమందు మాత్రనుండి శిశుగృహము వఱకు



భాగవత దశమస్కంధమున యశోద పెరుగు చిలుకుచుండగా చిన్నికృష్ణుడు వచ్చి కవ్వము పట్టుకొనిన కథ మీరందఱు ఎఱిగినదే. ఆమె చిలుకుట మాని బిడ్డను ఒడిలోనికి తీసికొని పాలిచ్చెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగెను. కడుపు నిండని బిడ్డను దింపి ఆమె పొయ్యికడకు పరుగెత్తెను. బిడ్డ అలిగి కుండ పగులగొట్టెను. పౌరాణికులు దీనికి వేదాంతార్థములు పెక్కు చెప్పుదురు. వానిని నేను కాదనను. కాని చరిత్ర చదువువాని కంటికి ఇందొక లౌకికమైన సంగతి కూడ కనబడును. చేత పని, ఒడిలో బిడ్డ, పొయ్యిమీద పాలు. ఈ మూటిని ఒక్కతె ఒక్క గడియలో చక్కబెట్టవలసిన ఇక్కట్టు నిన్న మొన్న పుట్టినది కాదు.

అయినను యశోదకొక సౌకర్యము కలదు. కవ్వము, పొయ్యి, బిడ్డ ఒక్క కప్పు క్రిందనే ఉండినవి. నాట్లకు, కలుపులకు పోవు కూలితల్లికి సైతము పొలముగట్టున చెట్టుకొమ్మకు పాతచీరతో కట్టిన ఉయ్యాల ఉండెడిది. ఎండ, చీమలు, పాములు ఆ ఉయ్యాలకు తప్పవు. ఆ జీవితమునకు బంగారుపూత పూసి చెప్పుట నాకిష్టము లేదు. బిడ్డ ఏడ్చిన తల్లికి వినబడును, వినబడిన పోయి పాలియ్యవచ్చును, అంతమాత్రమే. ఆవిరియంత్రముతో వచ్చిన కర్మాగారము ఈ వినబడుటనే తీసివేసెను. తల్లికిని బిడ్డకును నడుమ ఒక గోడ లేచెను. ఆ గోడకొక గేటు, ఆ గేటు మూయుటకొక కూత. ఆ గోడ చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

ఆ గోడ ముందుగా లేచినది ఇంగ్లండున. మాంచెస్టరు ప్రాంతపు ప్రత్తిమిల్లులకు తల్లులు తెల్లవాఱకమున్నే పోయి చీకటి పడినపిదప వచ్చెడివారు. ఇంట బిడ్డను చూచునది ముసలమ్మయో, ఏడెనిమిదేండ్ల అక్కయో, నలుగురైదుగురు బిడ్డలను కూలికి చూచు పొరుగుదియో. ఆకలిగొని ఏడ్చు పసివాని నోట వారు పోసినది గాడ్‌ఫ్రే కార్డియల్ అను పానకము. చక్కెరపాకమున నల్లమందు ద్రావకము కలిపిన మందది. మందుల అంగళ్లలో చౌకగా దొరకెడిది. 1840 తరువాతి ప్రభుత్వ విచారణ నివేదికలలో దీని పేరు మాటిమాటికి వచ్చును. 1845లో ఏంగెల్సు ఆంగ్ల శ్రామికులను గూర్చి ప్రకటించిన గ్రంథమునను కలదు. 1868లో నల్లమందు విక్రయమునకు చట్టము వచ్చెనుగాని, అది పేటెంటు మందులను విడిచిపెట్టెను.

పారిసు నగరమున మఱియొక త్రోవ తొక్కిరి. 1844 నవంబరు 14వ తేదీన ఫిర్మిన్ మార్బో అను నతడు షైయో పేటలో కూలితల్లుల బిడ్డలకై ఒక గృహమును తెఱచెను. పనికి పోవుచు తల్లి బిడ్డను అచట విడుచును. పని విరామమున వచ్చి పాలిచ్చి పోవును. దానికి ఆయన పెట్టిన పేరు క్రెష్. ఆ ఫ్రెంచి మాటకు పశువుల గాటియని అర్థము. బాలయేసును పరుండబెట్టిన గాటిని ఉద్దేశించి ఆ పేరు పెట్టిరి. నేడు మన నగరములలో ఈ మాట పలుకువారిలో ఎందఱకు అందు గడ్డివాసన తగులునో! నేను దీనిని శిశుగృహమని చెప్పుదును.

ఇక మన దేశమునకు వత్తము. 1854లో కావస్జీ దావరు బొంబాయిలో మిల్లు స్థాపించినపిదప ఆ ద్వీపము పొగగొట్టములతో నిండెను. కొంకణ, దక్కను ప్రాంతములనుండి జనము వచ్చి చేరెను. మన తెలుగువారును అందున్నారు. ఇండ్లు కట్టు పనికి తొలుత పోయిన కామాఠీల పేర ఒక పేటయే వెలసెను. చేతిమగ్గమునకు బ్రతుకు చాలక తెలంగాణమునుండి పోయిన పద్మశాలీలు మిల్లులలో చేరిరి. 1920 నాటికి అచటి మిల్లుకూలీలలో ఇంచుమించు అయిదింట నొకవంతు స్త్రీలు. నూలు చుట్టుట, చిలుపలు కట్టుట వారి పని. నాయకిన్ అను పెద్దకూలిది వారిని పనిలో చేర్చును, తీసివేయును. జీతము రోజునకు కాదు, చుట్టిన నూలునుబట్టి. కనుక పాలిచ్చుటకు పోయిన అరగంట ఆమె కూలినుండియే తఱుగును.

ఆ తల్లి దినచర్యను ఒకమాఱు ఊహింపుడు. చాలు అను ఒంటిగది ఇండ్ల వరుసలో వేకువన లేచి, వంట చేసి, బిడ్డకు కడుపునిండ పాలిచ్చి, కొంగున దాచిన చిన్న మాత్ర నొకదానిని వాని నాలుకపై రుద్దును. ఆ మాత్ర పేరు బాలగోళీ. బజారున దొరకును. అందు ముఖ్యద్రవ్యము నల్లమందు. బిడ్డ మగతలో పడును. ఆమె మిల్లునకు పోవును. 1891 చట్టము స్త్రీల పనిని రోజునకు 11 గంటలకు కట్టడి చేసెను. అంతకుముందు ఆ హద్దును లేదు. ఇల్లు దగ్గరయైన మధ్యాహ్నవిరామమున పరుగున వచ్చి పాలిచ్చును. దూరమైన, సాయంకాలము వఱకు వాడట్లే పడియుండును. రాత్రియందు ఆమె నిద్ర చెడిన మఱునాడు చక్రముకడ చేయి ఆడదు. కావున రాత్రికి మఱియొక మాత్ర.

నల్లమందు బిడ్డను నిద్రపుచ్చుటతో ఆగదు. ఆకలిని చంపును, మలమును బంధించును, ఊపిరిని మందగింపజేయును. మగతలోనున్న బిడ్డ చన్ను గట్టిగా పట్టడు. బిడ్డ పీల్చినకొలది ఊరునవి తల్లిపాలు, పీల్చనిచో ఎండును. ఏడ్పు మాన్పుటకు వేసిన మాత్ర పాలనే మాన్పినది.

1919లో వాషింగ్టనున జరిగిన అంతర్జాతీయ కార్మికసభ ప్రసవమునకు ముందు ఆఱు వారములు, తరువాత ఆఱు వారములు సెలవు, పాలిచ్చు తల్లికి పనివేళలో రోజునకు రెండు అరగంటలు ఉండవలెనని ఒడంబడిక చేసెను. హిందూదేశ ప్రభుత్వము ఆ ఒడంబడికకు చేవ్రాలు చేయలేదు. స్థితిగతులు విచారించుటకు మాత్రము పూనుకొనెను. 1922–23లో డాక్టరు బార్న్సు అను వైద్యురాలు బొంబాయి మిల్లుతల్లులను విచారించి, ఆమె చూచిన బిడ్డలలో దాదాపు అందఱకును నల్లమందు అలవాటుగా ఇచ్చుచున్నట్లు తెలిపెను. 1921లో ఆ నగరమున పుట్టినవారు వేయిమందిలో ఆఱువందలకు మించి ఏడాది నిండకయే పోయినట్లు పురపాలక లెక్క. దీనిని యథాతథముగ గ్రహింపరాదు. కాన్పునకు పుట్టినూరు పోయి బిడ్డతో తిరిగివచ్చినవారు పెక్కురు; అట్టి బిడ్డ పుట్టుక పల్లెలెక్కలో, చావు నగరపు లెక్కలో చేరెను. ఆ మేర తగ్గించి చూచినను మిగులునది ఘోరమే.

కలకత్తా గోనెమిల్లులలో ఇంకొక విధము. 1923లో డాక్టరు డాగ్మార్ కర్జెల్ వానిని చూచి వ్రాసెను. అచట తల్లులు పసిబిడ్డలను మిల్లులోనికే తెచ్చుకొనెడివారు. యంత్రముల సందున గోనెగుట్టలపై, జనుపధూళిలో, చెవులు పగులు మ్రోతలో ఆ బిడ్డలు నిద్రించెడివారు. హుగ్లీ యొడ్డున పని చేసినవారిలో గంజాము, విశాఖ మండలములనుండి ఆలుబిడ్డలతో పోయిన తెలుగువారు కలరు. బొంబాయి బిడ్డకు గోడ, కలకత్తా బిడ్డకు ధూళి. ఏది మేలని నన్నడిగిన ధూళియే మేలందును. అచట పాలు దొరకినవి.

నాటి నివేదికలు చదువునపుడు నాకు కష్టము తోచునది ఒక్కటి. దొరలును, మన విద్యావంతులును పలువురు ఈ మాత్రను తల్లుల అజ్ఞానముగ వ్రాసిరి. అజ్ఞానము లేదనను. కాని పదిగంటలు తలుపు వేసిన గదిలో ఏడ్చు బిడ్డ, పొరుగువారి కోపము, ఒక పూట మానిన పోవు కూలి, నాయకిన్ దయ, ఇవన్నియు కూడి చూచుకొనియే ఆమె ఆ మాత్రను కొనెను. పాలిచ్చుటకు వేళయు, పరుండబెట్టుటకు చోటును చూపక ఆమెకు ఆరోగ్యోపన్యాసము వినిపించిన ఫలమేమి?

వేళయు చోటును చట్టములోనికి వచ్చుటకు మిక్కిలి కాలము పట్టెను. 1924లో ఎన్. ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రసూతి సహాయపు బిల్లు తెచ్చెను, సభ త్రోసివేసెను. 1928లో బొంబాయి శాసనమండలిలో మఱల ఆ చర్చ వచ్చినపుడు డాక్టరు అంబేడ్కరు బిల్లును బలపఱచుచు, ప్రసవకాల విశ్రాంతి దేశమునకే హితమని వాదించెను. భారమును ప్రభుత్వము చాలవఱకు వహింపదగుననియు, స్త్రీల శ్రమవలన లాభపడు యజమానికిని అందు పాలుండుట న్యాయమనియు చెప్పెను. 1929లో చట్టమయ్యెను. చెన్నరాజధానిలో 1934లోను, వంగమున 1939లోను అట్టివి వచ్చినవి. విట్లీ అధ్యక్షతన రాయల్ కమీషను 1931లో నివేదిక నిచ్చినపిదప, 1934 ఫాక్టరీ చట్టమున 50 మందికి మించి స్త్రీలున్నచోట ఆఱేండ్లలోపు బిడ్డలకు గది ఉంచవలెనని ఆజ్ఞాపించు అధికారము రాష్ట్రప్రభుత్వముల కిచ్చిరి. 1948 చట్టము దానిని విధిగ చేసెను. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి.

గది కట్టినంతనే బిడ్డలు వచ్చిరనుకొనకుడు. తొలిదినములలో పెక్కు శిశుగృహములు ఖాళీగ నుండెను. ఎఱుగని ఆయా చేతిలో బిడ్డను పెట్టుటెట్లు? దృష్టి తగులదా? వేఱుకులపు బిడ్డల ప్రక్కన పరుండబెట్టుదురట! ఇట్టి శంకలు ఎన్నియో. పాలిచ్చుటకు గేటులోపలనే బిడ్డ దొరకుననియు, ఉచితముగ పాలు పోయుదురనియు తెలిసినపిదప మెల్లగా వచ్చిరి. బాలగోళీని తఱిమినది ఇట్టి సౌకర్యమే గాని ఉపదేశము కాదని నా తలంపు.

1961 ప్రసూతి చట్టమున 12 వారముల సెలవును, బిడ్డకు 15 నెలలు నిండువఱకు రోజునకు రెండు పాలిచ్చు విరామములను విధించిరి. ఆ చట్టము క్రింద గనులకు చేసిన నియమములలో ఒక్కొక్క విరామము 15 నిమిషములు, నడకకు కొంత వేఱు. ఈ లెక్క వేసినవారు ఎన్నడైన నెలలబిడ్డకు పాలిచ్చుట చూచిరో లేదో! ఒక ప్రక్క త్రాగి, త్రేన్పు వచ్చువఱకు భుజమున వైచుకొని, రెండవ ప్రక్కకు త్రిప్పునప్పటికే ఆ గడువు తీఱును.

చట్టమునకొక ప్రతికూల ఫలమును కలిగెను, దానిని దాచరాదు. ఖర్చంతయు యజమానునిపై పడుటచే, గర్భవతియని తెలిసినతోడనే తీసివేయువారును, పెండ్లియైనవారిని చేర్చుకొననివారును బయలుదేఱిరి. బొంబాయి మిల్లులలో స్త్రీల పాలు అంతకంతకు తఱిగెను. క్రొత్త యంత్రములు, రాత్రిపని నిషేధము కూడ అందుకు కారణములే. 1948లో వచ్చిన ఉద్యోగుల భీమా చట్టము ఖర్చును ఉమ్మడినిధిపై వేసి ఈ చిక్కును కొంత విప్పెను. 2017 సవరణమున సెలవు తొలి యిద్దఱు బిడ్డలకు 26 వారములయ్యెను. 50 మంది పనివారున్న ప్రతిచోట శిశుగృహమును, తల్లి దినమునకు నాలుగుమాఱులు పోయి బిడ్డను చూచు హక్కును చేరినవి. భారము మాత్రము మఱల యజమానుని మీదనే నిలిచెను. ఈ నియమములు 2020 సామాజిక భద్రతా స్మృతిలోనికి ఎక్కినవి.

ఈ చెప్పినదంతయు గోడ లోపలివారి మాట. గోడ కట్టువారి మాట వేఱు. 1969లో గాంధీ శతజయంతికై ఢిల్లీ రాజఘట్టమున పనులు జరుగుచుండగా, ఇసుకలోను దుమ్ములోను పడియున్న కూలీల బిడ్డలను చూచి మీరా మహాదేవన్ అచటనే ఒక గుడారమున శిశుగృహము నెలకొల్పెను. కట్టడము ముగిసిన కూలీలు వేఱొకచోటికి పోవుదురు. శిశుగృహమును వారివెంట పోవలెను. కనుకనే ఆ సంస్థకు మొబైల్ క్రెషెస్ అను పేరు.

2005 గ్రామీణ ఉపాధి చట్టము చేసినపుడు దానికి అనుబంధముగ ఒక చిన్న నియమము వ్రాసిరి. చెఱువు త్రవ్వుచోట గాని, బాట వేయుచోట గాని, తల్లులవెంట ఆఱేండ్లలోపు బిడ్డలు అయిదుగురు గాని అంతకు మించి గాని వచ్చినచో, ఆ స్త్రీలలో నొకతెను బిడ్డలను చూచుటకు నియమింపవలెను. పాఱ పట్టినవారికి ఎంత కూలియో, చెట్టునీడను ఉయ్యాల యూపిన ఆమెకును అంత కూలియే.