ఇండక్షన్ పొయ్యి మొరాయిస్తే: ఇంట్లో ఏం చూసుకోవాలి, ఎక్కడ ఆగాలి

గ్యాస్ సిలిండర్ అయిపోయిన రోజు అక్కరకు వస్తుందని కొన్న ఇండక్షన్ పొయ్యి, ఇప్పుడు చాలా ఇళ్లలో రోజువారీ వంట సామగ్రిలో భాగమైంది. హాస్టల్ గదుల్లోనూ, చిన్న అద్దె ఇళ్లలోనూ కొందరికి అదొక్కటే ఆధారం. 2015లో సరిహద్దు దిగ్బంధం కారణంగా వంటగ్యాస్ కొరత ఏర్పడినప్పుడు నేపాల్‌లో ఎన్నో కుటుంబాలు విద్యుత్ పొయ్యిలను ఆశ్రయించాయి. విద్యుత్ వాహనాలతో పాటు విద్యుత్ వంటను ప్రోత్సహించేందుకు భారత ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో ‘గో ఎలక్ట్రిక్’ ప్రచారాన్ని ప్రారంభించింది. 2023 నవంబరులో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ 20 లక్షల ఇండక్షన్ పొయ్యిల లక్ష్యంతో ఒక జాతీయ కార్యక్రమాన్ని ప్రకటించింది.

వాడకం పెరిగినంతగా వాటి సంరక్షణపై అవగాహన పెరగలేదు. పొయ్యి పనిచేయకపోతే వెంటనే దుకాణానికి పరుగెత్తేవారు కొందరు, స్క్రూడ్రైవర్ తీసుకుని మూత విప్పేవారు మరికొందరు. మొదటి పద్ధతిలో డబ్బు వృథా, రెండో పద్ధతిలో ప్రాణాపాయం. నిజానికి చాలా సందర్భాల్లో లోపం పొయ్యిలో కాక సాకెట్టులోనో, వోల్టేజీలోనో, పాత్రలోనో ఉంటుంది.

ఎలా పనిచేస్తుంది?

పైకి కనిపించే నల్లని గాజు పలక కింద రాగి తీగచుట్ట ఉంటుంది. దాని గుండా సెకనుకు ఇరవై వేలకు పైగా సార్లు దిశ మారే విద్యుత్తు ప్రవహించడంతో అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం ఇనుము ఉన్న పాత్ర అడుగున సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. వేడెక్కేది పాత్రే. పలక వేడెక్కడం పాత్ర నుంచి తిరిగి వచ్చిన వేడి వల్లనే. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి మూలం.

లోపల తీగచుట్టతో పాటు విద్యుత్తును వేగంగా తెంపుతూ కలుపుతూ ఉండే ఐజీబీటీ అనే భాగం, దాన్ని చల్లబరిచే ఫ్యాను, పలక ఉష్ణోగ్రతను గమనించే థర్మిస్టర్, ఫ్యూజు ఉంటాయి. ఈ నాలుగింటి పని తెలిస్తే సగం సమస్యలు బయటి నుంచే అర్థమవుతాయి.

ముందు సాకెట్టు సంగతి

2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఫోన్ చార్జర్లు, టేబుల్ ఫ్యాన్లు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టు దీనికి చాలదు. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగిన మందం గల రాగి తీగ, ఎర్తింగ్ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద, మూడు పిన్నులను రెండుగా మార్చే అడాప్టర్ మీద ఈ పొయ్యిని నడపకూడదు. ఫ్యాన్లు, లైట్ల కోసం పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ కూడా ఈ భారాన్ని మోయలేదు.

వంట ముగించి స్విచ్చి ఆపిన తర్వాత ప్లగ్గును ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి నిలవనంత వేడిగా ఉన్నా, పిన్నులు నల్లబడినా, సాకెట్టు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగినా లోపల బిగింపు వదులైందని అర్థం. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి బిగింపు మరింత వదులవుతుంది. వంటింట్లో నిప్పు రాజుకోవడానికి ఇదొక దారి. అలాంటి సాకెట్టును వెంటనే మార్పించాలి.

ఎర్తింగ్ పైప్ పాతిన చోట వేసవిలో నేల ఎండిపోతే దాని పనితనం తగ్గుతుంది. సొంత ఇళ్లలో ఉండేవారు ఆ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం మంచిది. విద్యుత్ లీకేజీని గుర్తించి సరఫరాను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని బోర్డులో అమర్చుకుంటే ప్రాణరక్షణకు మరో భరోసా ఉంటుంది.

పొయ్యి అసలు ఆన్ కాకపోతే

అదే సాకెట్టులో ఇస్త్రీపెట్టె పెట్టి చూడాలి. అదీ పనిచేయకపోతే లోపం సాకెట్టులోనో, ఎంసీబీలోనో ఉన్నట్టే. టెస్టరు వెలిగినంత మాత్రాన సరఫరా సవ్యంగా ఉందని భావించకూడదు. న్యూట్రల్ తీగ తెగినా ఫేజ్ రంధ్రంలో టెస్టరు వెలుగుతుంది.

ఇస్త్రీపెట్టె పనిచేసి పొయ్యి పనిచేయకపోతే లోపలి ఫ్యూజు కాలిపోయి ఉండవచ్చు. చాలాసార్లు ఐజీబీటీ దెబ్బతినడం వల్లనే ఫ్యూజు పోతుంది. కారణం చూడకుండా ఫ్యూజు స్థానంలో మామూలు రాగి తీగ చుట్టి నడిపిస్తే మిగిలిన భాగాలూ కాలిపోతాయి, మంటలు రేగే ప్రమాదమూ ఉంది.

ఎంసీబీ పడిపోతుంటే

ఎప్పుడు పడిపోతోందో గమనించాలి. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయగానే పడిపోతే పొయ్యిలో షార్ట్ సర్క్యూట్ ఉన్నట్టు. మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా సర్వీసు కేంద్రానికి పంపాలి. కొన్ని నిమిషాలు నడిచాక పడిపోతే అది అధిక భారం కావచ్చు. ఉదాహరణకు 2,000 వాట్ల పొయ్యి, 2,000 వాట్ల గీజరు ఒకే లైను మీద నడిస్తే 17 ఆంపియర్లు దాటుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ పరిమితి కంటే ఇది ఎక్కువ. దీనికి మార్గం రెండూ ఒకేసారి వాడకపోవడం, లేదా పొయ్యికి వేరే లైను వేయించడం. తీగ మార్చకుండా పెద్ద ఎంసీబీ పెట్టించడం పరిష్కారం కాదు. అప్పుడు ఎంసీబీ పడదు, గోడలోని తీగ కాలుతుంది.

ఆర్‌సీసీబీ పడిపోతే మాత్రం విద్యుత్తు పొయ్యి శరీరంలోకి లీకవుతోందేమోనని అనుమానించాలి. ఆ పొయ్యిని మళ్లీ వాడకూడదు.

పాత్రను గుర్తించకపోతే

బీప్ శబ్దంతో పొయ్యి ఆగిపోతుంటే పాత్రను పరీక్షించాలి. సత్తు గిన్నెలు, రాగి, ఇత్తడి, మట్టి, గాజు పాత్రలు దీనిపై వేడెక్కవు. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతాన్ని పాత్ర అడుగున పెట్టి చూస్తే చాలు. గట్టిగా అతుక్కుంటే ఆ పాత్ర పనికొస్తుంది. స్టీలు పాత్రలన్నీ అయస్కాంతానికి అతుక్కోవు, కాబట్టి కొనేటప్పుడే చూసుకోవడం మేలు.

అడుగు మరీ చిన్నదైనా, మధ్యలో లేకపోయినా పొయ్యి గుర్తించదు. అడుగు సొట్టపోయిన పాత్రతో మరో చిక్కు ఉంది. పాత్ర పలకకు ఆనకపోవడంతో థర్మిస్టర్‌కు అసలు వేడి తెలియదు. నూనె కాగుతున్నప్పుడు ఇది ప్రమాదకరం.

మధ్యలో ఆగిపోతుంటే

ఇందుకు ముఖ్య కారణం గాలి ఆడకపోవడం. ఫ్యాను సాధారణంగా అడుగు భాగం నుంచి గాలిని పీల్చుకుంటుంది. పొయ్యి కింద గుడ్డ, వార్తాపత్రిక, ప్లాస్టిక్ షీటు పరిస్తే ఆ దారి మూసుకుపోతుంది. గట్టి సమతలం మీద, గోడకు కనీసం జానెడు దూరంలో ఉంచాలి. పక్కన గ్యాస్ స్టవ్ మండుతూ ఉంటే ఆ వేడి గాలినే ఫ్యాను లోపలికి లాగుతుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించకపోతే వెంటనే ఆపివేయాలి.

రెండో కారణం వోల్టేజీ. వేసవి సాయంత్రాల్లో ఏసీలు, కూలర్లు ఒకేసారి నడిచే వేళ వోల్టేజీ పడిపోతుంది. నిర్ణీత స్థాయి కంటే తగ్గినప్పుడు పొయ్యి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ లైట్లు మసకబారుతుంటే పొయ్యిని నిందించనవసరం లేదు. విద్యుత్ పంపిణీ సంస్థ సహాయ నంబరు 1912కు ఫిర్యాదు చేయాలి.

సన్నని సెగ మీద పెట్టినప్పుడు కొన్ని సెకన్లు పనిచేసి, కొన్ని సెకన్లు ఆగడం లోపం కాదు. చాలా నమూనాలు వేడిని అలాగే తగ్గిస్తాయి. పొరలున్న అడుగు గల పాత్రల నుంచి వచ్చే సన్నని గుయ్‌మనే ధ్వని కూడా సహజమే.

తెర మీద కనిపించే ‘ఈ’ అక్షరం, దాని పక్కన అంకె లోపానికి గుర్తు. ఏ అంకెకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది. అందుకే కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకాన్ని పారవేయకూడదు. ఆ అంకెను రాసుకుని చెబితే మెకానిక్ పని తేలికవుతుంది.

శుభ్రత, జాగ్రత్తలు

వంట అయ్యాక ఫ్యాను ఆగేవరకు ప్లగ్గు తీయవద్దు. పలక చల్లారాక తడి పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టాలి. పాలు పొంగినా, బెల్లం పాకం ఒలికినా ముందు పొయ్యి ఆపి, పూర్తిగా గట్టిపడక ముందే జాగ్రత్తగా తుడవాలి. ఇనుప పీచు వాడితే గీతలు పడతాయి. కుళాయి కింద కడగడం ఎన్నడూ చేయరాదు.

వెచ్చదనం, జిడ్డు ఉన్న చోటికి బొద్దింకలు చేరతాయి. అవి గాలి రంధ్రాల గుండా దూరి సర్క్యూట్ బోర్డును షార్ట్ చేస్తాయి. వారానికోసారి ప్లగ్గు తీసి, రంధ్రాల మీది దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపాలి. వాడని రోజుల్లో పొయ్యిని పొడి చోట ఉంచాలి.

గాజు పలకకు చిన్న పగులు వచ్చినా వాడకం ఆపేయాలి. పగులులోంచి దిగిన నీరు నేరుగా విద్యుత్తు ఉన్న భాగాలను చేరుతుంది. గమ్ము, టేపు దీనికి మందు కాదు. ఖాళీ పాత్రను వేడిచేయడం, పలక మీద గరిటెలు, స్పూన్లు వదిలేయడం మానుకోవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు పొయ్యికి సుమారు 60 సెంటీమీటర్ల దూరం పాటించాలని సాధారణంగా సూచిస్తారు. తమ వైద్యుని సలహా తీసుకోవడం అవసరం.

పాత తీగచుట్ట పొయ్యి ఉంటే

పింగాణీ దిమ్మె గాడిలో ఎర్రబడే నైక్రోమ్ తీగ పొయ్యి నేటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. ఇది ఇండక్షన్ పొయ్యి కంటే ప్రమాదకరం. ఆ తీగలో నేరుగా 230 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. పాత్ర అడుగు తగిలినా, పొంగిన నీరు తాకినా షాక్ తగలవచ్చు. తెగిన తీగను మెలిపెట్టి అతికిస్తే అతుకు దగ్గర అధిక వేడి పుట్టి మళ్లీ తెగుతుంది. తీగ పొట్టి కావడంతో ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. కొత్త తీగ వేయించడమే సరైన పని.

ఈ పొయ్యి మీద వంట నెమ్మదిస్తే వోల్టేజీని అనుమానించాలి. 230కి బదులు 180 వోల్టులే వస్తే, 2,000 వాట్ల తీగ ఇచ్చే వేడి దాదాపు 1,225 వాట్లకు పడిపోతుంది.

మూత ఎందుకు విప్పకూడదు?

ప్లగ్గు తీసేశాం కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. శిక్షణ లేనివారు మూత విప్పరాదు. వారంటీ ఉన్న పొయ్యిని బయట విప్పిస్తే ఆ హక్కూ పోవచ్చు. వారంటీ ఉండీ సర్వీసు అందకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915ను సంప్రదించవచ్చు. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తును, దాని లైసెన్సు నంబరును ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ప్రమాదం జరిగితే

ఎవరికైనా షాక్ తగిలితే వారిని చేత్తో పట్టుకోకుండా ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. అది వెంటనే సాధ్యం కాకపోతే పొడి నేల మీద నిలబడి, ఎండిన కర్రతో తీగను తప్పించాలి. ఆ తర్వాత 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు. వీలైతే స్విచ్చి ఆపి, మూతతో కప్పి, చల్లారేవరకు కదపకుండా వదిలేయాలి. మంట అదుపు తప్పితే ఇంట్లోవారందరినీ బయటికి పంపి 101కి సమాచారం ఇవ్వాలి.

సాకెట్టు, వోల్టేజీ, పాత్ర, గాలి. పొయ్యి మొరాయించినప్పుడు ఇంటివారు చూసుకోవలసినవి ఈ నాలుగే. ఇవన్నీ సరిగా ఉన్నా పొయ్యి పనిచేయకపోతే, ప్లగ్గు తీసి పక్కన పెట్టి మెకానిక్‌కు అప్పగించాలి.