ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: తరగతి గదిలో మొదలైన చరిత్ర



మీ కళాశాల ప్రయోగశాలలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మీకు కనిపించేవి మీటలు, తెర మీది బొమ్మలు. వాటి వెనుక పనిచేసే ఆదేశాలను మీరు చదవగలరా? అందులో తప్పుంటే దిద్దగలరా? దిద్దినదాన్ని పక్క బెంచీలోని స్నేహితుడికి ఇవ్వగలరా? చిన్నవిగా కనిపించే ఈ మూడు ప్రశ్నల చుట్టూ యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ పాఠంలో ఆ చరిత్రను తెలుసుకుందాం.

ముందు ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ప్రోగ్రామరు రాసేది మనిషి చదవగలిగే రూపంలో ఉంటుంది. దానినే సోర్స్ కోడ్ అంటారు. సాధారణంగా కంపైలర్ అనే మరో ప్రోగ్రాము దాన్ని యంత్రానికి మాత్రమే పనికొచ్చే ఒకట్లు, సున్నాల వరుసగా మారుస్తుంది. కొట్లో కొన్న ఆవకాయ జాడీని తలచుకోండి. రుచి చూడవచ్చు, అన్నంలో కలుపుకోవచ్చు. కానీ కారమెంత, ఆవపిండెంత, నూనెంత అన్న కొలత తెలియకపోతే వచ్చే వేసవికి మనం పెట్టుకోలేం. ఉప్పు ఎక్కువైతే సరిచేసుకోలేం. సోర్స్ కోడ్ ఆ కొలత లాంటిది. దాన్ని అందరికీ ఇచ్చి, మార్చుకునే హక్కును, పంచుకునే హక్కును కూడా ఇచ్చే సాఫ్ట్‌వేరే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్.

పంచుకోవడమే అలవాటైన రోజులు

ఇది కొత్త ఆలోచన అని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదట్లో ఇదే మామూలు పద్ధతి. 1950లలో కంప్యూటర్ అంటే గదినిండా పరుచుకున్న యంత్రం. దాని ఖరీదు ముందు సాఫ్ట్‌వేర్ ఖరీదు లెక్కలోకి వచ్చేది కాదు. యంత్రంతోపాటే ప్రోగ్రాములూ వచ్చేవి. ఐబీఎం యంత్రాలు వాడేవారు 1955లో షేర్ అనే సంఘంగా ఏర్పడి తాము రాసిన ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చుకునేవారు. 1969లో ఐబీఎం సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర కడతామని ప్రకటించింది. అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ సొంత వెల ఉన్న సరుకుగా మారసాగింది.

ఈ మార్పును సమర్థించినవారి వాదనను కూడా మనం వినాలి. 1976లో యువకుడైన బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశారు. తమ బేసిక్ ప్రోగ్రామును డబ్బు కట్టకుండా నకలు చేసుకుంటున్నారని ఆయన ఫిర్యాదు. ప్రతిఫలం లేకుండా నాణ్యమైన పని ఎవరు చేస్తారన్నది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నను గుర్తుంచుకోండి. చివర్లో దానికే తిరిగి వస్తాం.

నిషేధానికి గురైన పాఠం

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపకల్పన మొదలుపెట్టారు. వాటి యజమాని ఏటీ అండ్ టీ టెలిఫోన్ సంస్థ. 1956 నాటి ఒక న్యాయ ఒప్పందం ప్రకారం అది టెలిఫోన్ రంగం దాటి వ్యాపారం చేయకూడదు. అందువల్ల యూనిక్స్‌ను సోర్స్ కోడ్‌తో సహా నామమాత్రపు రుసుముకు విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే ఆచార్యుడు ఆ కోడ్‌నే పాఠ్యాంశంగా తీసుకున్నారు. 1976-77 ప్రాంతంలో దానికి వరుసవారీగా వ్యాఖ్యానం రాశారు. మన పండితులు కావ్యానికి టీక రాసినట్టు అన్నమాట. విద్యార్థులు తొలిసారిగా నిజంగా పనిచేసే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవగలిగారు.

ఆ అవకాశం ఎంతోకాలం నిలవలేదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో కూర్పు లైసెన్సు, దాని కోడ్‌ను తరగతిలో బోధించడాన్ని నిషేధించింది. లయన్స్ వ్యాఖ్యానం చేతులు మారుతూ, ఫొటోకాపీల మీద ఫొటోకాపీలుగా ప్రపంచమంతా తిరిగింది. అది బహిరంగంగా పుస్తకరూపంలో వెలువడింది 1996లోనే.

పాఠం చెప్పడానికి కోడ్ లేకపోతే ఆచార్యులు ఏం చేయాలి? నెదర్లాండ్స్‌లో పనిచేస్తున్న ఆండ్రూ టానెన్‌బామ్ తానే ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశారు. పేరు మినిక్స్. 1987లో తన పాఠ్యపుస్తకంతోపాటు దాన్ని విడుదల చేశారు. ఆ పుస్తకం ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరి చేతికి చేరింది. ఆ విద్యార్థి పేరు లైనస్ టోర్వాల్డ్స్.

రెండు పాయలు కలిసిన చోటు

ఈలోగా అమెరికాలో మరో ప్రయత్నం సాగుతోంది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేసేవారు. అక్కడికి వచ్చిన కొత్త ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ఆ సంగతి అందరికీ తెలిసేలా ప్రోగ్రామును మార్చాలనుకున్నారు. పాత ప్రింటర్ విషయంలో ఆ పని చేశారు కూడా. ఈసారి కోడ్ దొరకలేదు. అది ఉన్న వ్యక్తి, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం మీద సంతకం చేశానన్నారు. ఇలాంటి అనుభవాల తరువాత 1983 సెప్టెంబరులో స్టాల్‌మన్ గ్ను అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మిస్తానని ప్రకటించారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించారు.

ఇక్కడ ఫ్రీ అంటే ఉచితం అని కాదు, స్వేచ్ఛ అని. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, చదివి మార్చుకోవడం, నకళ్లు పంచడం, మార్చిన రూపాన్నీ పంచడం అనేవి నాలుగు స్వేచ్ఛలు. 1989లో వచ్చిన జీపీఎల్ అనే లైసెన్సు వీటికి చట్టబద్ధమైన రక్షణ ఇచ్చింది. అందులో ఒక మెలిక ఉంది. మీరు తీసుకున్న కోడ్‌ను మార్చి ఇతరులకు ఇస్తే, మీకు లభించిన హక్కులనే వారికీ ఇవ్వాలి. అంటే తీసుకున్నవాడు తలుపు మూసేయడానికి వీల్లేదు.

1990 నాటికి గ్నులో కంపైలర్, ఎడిటర్ వంటి భాగాలు సిద్ధమయ్యాయి కానీ యంత్రాన్ని నేరుగా నడిపే కెర్నెల్ పూర్తికాలేదు. 1991 ఆగస్టు 25న టోర్వాల్డ్స్ తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది పెద్దదేమీ కాబోదని మినిక్స్ వాడకందార్లకు తెలియజేశారు. అదే లైనక్స్. తొలి కూర్పులో సుమారు పదివేల వరుసలే ఉన్నాయి. మొదట్లో దాని లైసెన్సు డబ్బు తీసుకుని పంపిణీ చేయడాన్ని ఒప్పుకునేది కాదు. 1992లో టోర్వాల్డ్స్ దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చారు. గ్ను భాగాలు, లైనక్స్ కెర్నెల్ కలిసి సంపూర్ణమైన ఆపరేటింగ్ సిస్టమ్ తయారైంది. తరగతిలో కోడ్ చదవకూడదన్న నిషేధం చివరికి ఎక్కడికి దారితీసిందో గమనించారు కదా!

ప్రయోగశాల నుంచి ప్రపంచంలోకి

1998లో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజర్ కోడ్‌ను బయటపెట్టింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఓపెన్ సోర్స్ అనే పేరు పుట్టింది. స్వేచ్ఛ అనే నైతిక వాదన కంటే నాణ్యత, పొదుపు అనే వాదన వ్యాపార సంస్థలకు సులువుగా ఎక్కుతుందని ఆ పేరు పెట్టినవారి ఉద్దేశం. స్టాల్‌మన్‌కు ఇది నచ్చలేదు. ఆ చర్చ నేటికీ ముగియలేదు.

వాడకం మాత్రం విస్తరించింది. 2008లో మార్కెట్లోకి వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది లైనక్స్ కెర్నెలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. బల్ల మీది కంప్యూటర్లలో మాత్రం దాని వాటా ఇంకా చిన్నదే.

మన దేశంలో

2001లో తిరువనంతపురంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ప్రారంభమైంది. అదే సంవత్సరం కేరళ ప్రభుత్వం ఐటీ ఎట్ స్కూల్ పథకాన్ని మొదలుపెట్టింది. కొన్నేళ్లలో ఆ పథకం పాఠశాలలను లైనక్స్ వైపు మళ్లించింది. మలయాళంలో పనిచేసే, పాఠాలకు తగినట్టు మలచిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను సిద్ధం చేసి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, పదో తరగతి కంప్యూటర్ ప్రయోగ పరీక్షను కూడా దాని మీదే పెట్టింది. లైసెన్సుల ఖర్చు మిగిలింది నిజమే. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. అదే సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థి ఇంటికి తీసుకెళ్లి, నకలు చేసి, తప్పు చేశానన్న భయం లేకుండా స్నేహితుడికి ఇవ్వగలిగాడు.

2003 మేలో పుణెలో ప్రసంగించిన రాష్ట్రపతి అబ్దుల్ కలాం, భారత్ వంటి దేశాలు ఓపెన్ సోర్స్‌ను పెద్దయెత్తున చేపట్టాలని కోరారు. 2007లో సీ-డ్యాక్ సంస్థ భారతీయ భాషలకు అనువైన బాస్ లైనక్స్‌ను విడుదల చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల సాఫ్ట్‌వేర్ కొనుగోళ్లలో ఓపెన్ సోర్స్‌ను ముందుగా పరిశీలించాలన్న విధానాన్ని ప్రకటించింది.

ఇక మన తెలుగు సంగతి. కంప్యూటర్ తెర మీద 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కనబడాలంటే స, త, ర అనే మూడు హల్లులను, వాటి మధ్య పొల్లులను, దీర్ఘాన్ని సరైన ఆకృతిలో కూర్చాలి. మన భాషకు లాభం చాలదని ఏదైనా సంస్థ అనుకుంటే ఆ పని ఆగిపోవచ్చు. కోడ్ తెరిచి ఉంటే ఆగదు. ఆ కూర్పు పనిచేసే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ వంటివి నేడు వాడుతున్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు జీపీఎల్ కింద అందరికీ దక్కాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదే. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో విద్యార్థులను భాగస్వాములను చేసింది.

రెండో వైపు

అంతా సాఫీగా సాగిందని అనుకోకండి. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లైనక్స్‌కు మారాలని నిర్ణయించి, సుమారు 15,000 కంప్యూటర్లను మార్చింది. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. సాఫ్ట్‌వేర్ మారితే చాలదు, సిబ్బంది అలవాట్లు, ఇతర కార్యాలయాలతో ఇచ్చిపుచ్చుకునే పత్రాలు కూడా కుదరాలని ఆ అనుభవం చెబుతుంది.

2014లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడేందుకు లెక్కలేనన్ని సంస్థలు ఆ ప్రోగ్రాము మీద ఆధారపడ్డాయి. కోడ్ అందరికీ తెరిచే ఉంది. అయినా రెండేళ్లపాటు ఎవరూ ఆ లోపాన్ని పట్టుకోలేదు. దాన్ని చూసుకునేవారు కొద్దిమందే, వారికి అందే డబ్బు అంతంతమాత్రమే. ఊరుమ్మడి చెరువు నీళ్లు అందరికీ కావాలి, పూడిక తీసేవారే కరవు. బిల్ గేట్స్ 1976లో వేసిన ప్రశ్నకు పూర్తి సమాధానం ఇంకా దొరకలేదు. లైనక్స్ కెర్నెల్ వంటి వాటికి పెద్ద సంస్థలు జీతాలిచ్చి పని చేయిస్తున్నాయి. చిన్నవి మాత్రం ఇప్పటికీ కొద్దిమంది ఓపిక మీదే నిలబడ్డాయి.

కాబట్టి విద్యార్థులారా, తలుపు తెరిచి ఉండటం సగం పని. లోపలికి వెళ్లి చదివేవారు, తప్పులు దిద్దేవారు ఉంటేనే రెండో సగం పూర్తవుతుంది. లయన్స్ విద్యార్థులు ఫొటోకాపీల్లో వెతుక్కున్న పాఠం ఈ రోజు మీకు బహిరంగంగా దొరుకుతోంది. మీ ప్రయోగశాలలో ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును తీసుకోండి. దాని లైసెన్సు చదవండి. అందులో తెలుగు ఎంతవరకు ఉందో చూడండి. ఒక్క అనువాద దోషం కనిపించినా దిద్ది పంపండి. మీ దిద్దుబాటును వారు అంగీకరిస్తే, మొదట్లో వేసుకున్న మూడు ప్రశ్నలకు జవాబు మీ చేతిలోనే ఉంటుంది.