శిక్షయా, శుశ్రూషయా?

చావబోయి బ్రదికినవానిని శిక్షింపవలయునా, సంరక్షింపవలయునా? ఈ ప్రశ్నకు మన దేశపు శాసనము నూటయేబది యేండ్లకు పైగా నొకే యుత్తరము చెప్పినది. 1862 జనవరి 1వ తేదిని అమలునకు వచ్చిన పీనలుకోడు 309వ సెక్షను అట్టివానికి ఏడాదివరకు సాధారణ ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధించెను. తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టులకును ఇదియే ప్రమాణమై యుండెను. ప్రాణము పోయినచో ముద్దాయి లేడు, నిలిచినచో ముద్దాయి! ఇంతకంటె విపరీతమేమి?

ఈ కాఠిన్యము తెల్లవారితోనే వచ్చెననుట సరికాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము కామక్రోధములచే ఆత్మహత్య చేసికొన్నవారికి అంత్యక్రియలు కూడదనియు, జరిపిన బంధువులు దండ్యులనియు చెప్పినది. అయినను ఇంగ్లండు 1961లోనే ఈ నేరమును తొలగించుకొనగా, మనము దానిని వదలలేకపోతిమి. 1971లో లా కమిషను ఈ సెక్షనును తీసివేయుమనెను. 1978లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు, మరుసటి యేడు లోక్‌సభ రద్దగుటచే మురిగిపోయెను.

న్యాయస్థానములకును ఏకాభిప్రాయము లేకపోయెను. 1986లో బొంబాయి హైకోర్టు ఈ సెక్షను చెల్లదనెను. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుననెను. కాని ఆదరణ యవసరమైనవారిపై కాఠిన్యము చూపకుండ కోర్టులకు అధికారము కలదనియు పలికెను. 1994లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసి, 1996లో మరల నిలిపెను.

తుదకు 2018 మే 29 నుండి అమలైన మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, అట్టివాడు తీవ్రమైన మనఃక్లేశమున నున్నట్లే భావింపవలయుననియు, అన్యథా రుజువైననే తప్ప శిక్షింపరాదనియు, శుశ్రూష ప్రభుత్వవిధియనియు శాసించెను. 2024 జూలై 1 నుండి అమలైన న్యాయసంహితలో ఆ పాత సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయుటకో, అతని విధిని అడ్డుటకో చేసిన ప్రయత్నము మాత్రమే నేరము. ఆత్మహత్యకు ప్రేరేపించినవానికి మాత్రము పదియేండ్లవరకు ఖైదు నేటికిని కలదు.

శాసనము మారినది, మన యిండ్లు మారినవా? పరువు పోవునని, పోలీసులు వత్తురని, వైద్యునికడ నిజమును దాచువారము మనమే. కేసు మాట యెట్లున్నను ముందు చికిత్స చేయుట వైద్యుని ధర్మమని సుప్రీముకోర్టు 1989లోనే తీర్పుచెప్పినది. కట్నమునకై కోడలిని వేధించిన యత్తవారును, అప్పునకై నడివీథిలో రైతును అవమానించిన సాహుకారును, పరీక్ష తప్పిన బిడ్డను చావుమని తిట్టిన తండ్రియు తమ్ము తాము ప్రశ్నించుకొనవలదా? అన్ని నిందలును కోర్టున రుజువు కావు; అంతమాత్రమున బాధ్యత తీరదు.

పూర్వాచారమెల్ల ధర్మము కాదని త్రిపురనేని రామస్వామిచౌదరిగారు తెనాలిలో నుండియే బోధించిరి. ఆ పట్టణముననే కాదు, బాపట్ల రేపల్లెలయందును బ్రదికివచ్చినవానిని "ఏల చేసితివి?" అని నిలదీయక, "ఏమి కష్టము వచ్చినది?" అని చేరదీయుదము. ప్రభుత్వపు టెలిమానస్ సహాయమునకు 14416 అను నంబరు కలదు. దానిని ప్రతి గృహమునను వ్రాసియుంచుకొందము. శాసనము విడిచిన మనిషిని సంఘము పట్టి శిక్షింపరాదు.