గౌతమి రెండు గట్టుల పెండ్లిండ్లు

ఐ.పోలవరము మండలమందలి మురమళ్ళలో, గౌతమీ తీరమున వెలసిన వీరేశ్వరస్వామికిని భద్రకాళీ అమ్మవారికిని ప్రతిదినము కల్యాణము జరుగుచుండును. దక్షయజ్ఞమును ధ్వంసము చేసియు చల్లారని వీరభద్రుని క్రోధమును శమింపజేయుటకే ఈ వివాహము సంకల్పింపబడినదని స్థలపురాణము. బిడ్డలకు సంబంధము కుదరక బెంగపడు తల్లిదండ్రులు గోత్రనామములు చెప్పించుకొని, మాంగల్యధారణమును తలంబ్రాలను కన్నులార జూచి, అక్షతలు శిరమున దాల్చి మరలుదురు. యజ్ఞమును చెఱచిన దేవుడే పెండ్లిండ్లకు పెద్దయగుట మనవారి భక్తిలోని చమత్కారము!

ఇదే మండలపు ఎదుర్లంకకు గౌతమి యావలియొడ్డున నున్న యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. 1929లో శారదాచట్టము పుట్టి బ్రిటిషు సీమలో బాల్యవివాహము నేరముకాగా, రజస్వల కాకమునుపే కన్యాదానము చేయవలెనను ఆచారపరులు, ఆ శాసనము చెల్లని యానామునకు పసిపిల్లలను, పురోహితులను, మేళగాండ్రను వెంటబెట్టుకొని తరలివచ్చి ముహూర్తములు నెరవేర్చుకొనిరి. దీనిని ధర్మనిష్ఠ యనుటకు నాకు నోరాడదు. ఆ పసివారి నెవ్వరును అడుగలేదు గదా. 2002లో ఎదుర్లంకకును యానామునకును నడుమ వారధి వెలసినది. ఆవలి గట్టువారిప్పుడు బస్సులలోనే మురమళ్ళ కల్యాణమునకు వచ్చుచున్నారు.