ఉన్నతపాఠశాల విద్యార్థులకు వృత్తి మార్గదర్శకత్వం: చారిత్రక పరిశీలన (1882–1992)

వ్యాససంగ్రహం

ఉన్నతపాఠశాల విద్యార్థి తన భవిష్యద్వృత్తిని తెలుసుకొని ఎంచుకోవడానికి పాఠశాల తోడ్పడాలన్న ఆలోచన భారతీయ విద్యాచరిత్రలో ఎలా రూపొందిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చదువులో శాఖలను పెంచడంపై చూపిన శ్రద్ధ, ఆ శాఖల్లో ఒకదాన్ని ఎంచుకోవలసిన విద్యార్థికి ముందుగా అందవలసిన సాయంపై నిలవలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వృత్తి, ఉద్యోగం, మార్గదర్శకత్వం, ముదలియార్ కమిషన్, కొఠారి కమిషన్, ఇంటర్మీడియట్.

1. ఉపోద్ఘాతం

‘వృత్తి’ అంటే జీవనోపాధి. ‘కులవృత్తి’ అన్నప్పుడు అది పుట్టుకతో సంక్రమించేది; ‘న్యాయవాదవృత్తి’ అన్నప్పుడు చదువుతో సంపాదించుకొనేది. ‘ఉద్యోగం’ అనే పదానికి మూలార్థం ప్రయత్నం. మహాభారతంలోని ఉద్యోగపర్వం పేరులో ఉన్నది ఆ అర్థమే. ఆధునిక వ్యవహారంలో ఆ పదం అర్థసంకోచం పొంది, జీతం వచ్చే కొలువుగా స్థిరపడింది. పుట్టుక నిర్ణయించే వృత్తికీ, ప్రయత్నంతో పొందే ఉద్యోగానికీ నడుమ ‘ఎంపిక’ అనే మజిలీ ఉంది. ఆ మజిలీలో విద్యార్థికి ఎవరు తోడు నిలిచారన్నదే ఇక్కడి ప్రశ్న.

2. భావన ఆవిర్భావం

వృత్తి మార్గదర్శకత్వానికి ఆధునిక రూపమిచ్చినవాడు ఫ్రాంక్ పార్సన్స్. 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఆయన వృత్తి సలహాకేంద్రాన్ని నెలకొల్పాడు. అదే ఏడాది మరణించాడు. ఆయన గ్రంథం 1909లో వెలువడింది. తన శక్తులనూ అభిరుచులనూ తెలుసుకోవడం, వృత్తుల స్వరూపాన్ని తెలుసుకోవడం, ఈ రెంటినీ సమన్వయించి ఆలోచించడం అనే మూడు అంశాలు ఆయన పద్ధతికి ఆధారం. ఇందులో నిర్ణయం యువకుడిదే. సలహాదారు పాత్ర తోడ్పాటుకే పరిమితం.

అంతకు ముందే, 1907లో, మిచిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో ప్రధానోపాధ్యాయుడు జెస్సీ డేవిస్ ఈ పనిని ఆంగ్ల రచనాబోధనతో ముడిపెట్టాడు. విద్యార్థులు వృత్తుల గురించి చదివి వ్యాసాలు రాసే ఏర్పాటు చేశాడు. వృత్తిచింతన పాఠశాలలోకి తొలినాళ్లలో భాషాతరగతి ద్వారా ప్రవేశించిందన్న విషయం భాషాధ్యాపకులు గమనించదగినది.

3. భారతదేశం: రెండు దారులు, ఏడు శాఖలు

1882 నాటి హంటర్ కమిషన్ ఉన్నతపాఠశాల చదువును రెండు దారులుగా విభజించమన్నది. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశానికి, రెండవది వ్యావహారిక జీవనానికి. ఎవరు ఏ దారిన పోవాలో తేల్చుకొనే పద్ధతి మాత్రం ఆ విభజనతోపాటు రాలేదు. శాస్త్రీయమైన వృత్తి మార్గదర్శకత్వానికి 1938లో కలకత్తా విశ్వవిద్యాలయ అనువర్తిత మనోవిజ్ఞాన విభాగంలోనూ, 1941లో బొంబాయిలోని బాట్లీబాయ్ కేంద్రంలోనూ అంకురార్పణ జరిగింది. ఇవి నగరాలకే పరిమితమైన ప్రయత్నాలు.

మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు ఎ. లక్ష్మణస్వామి ముదలియార్ అధ్యక్షతన ఏర్పడిన మాధ్యమిక విద్యా కమిషన్ (1952–53) ఈ ఆలోచనను జాతీయస్థాయికి తెచ్చింది. మానవీయశాస్త్రాలు, విజ్ఞానశాస్త్రాలు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అనే ఏడు శాఖలతో బహుళార్థసాధక పాఠశాలలను ప్రతిపాదించింది. ఎంపికలో సాయపడేందుకు మార్గదర్శకాధికారులు ఉండాలన్నది. 1954లో కేంద్ర విద్యాశాఖ విద్యా, వృత్తి మార్గదర్శక కేంద్రాన్ని స్థాపించింది.

ఈ సిఫారసుల విలువ అదే 1953లో మద్రాసు రాష్ట్రంలో జరిగిన మరొక ప్రయత్నంతో పోల్చినప్పుడు స్పష్టమవుతుంది. సి. రాజగోపాలాచారి ప్రభుత్వం ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా పథకం బడివేళలను కుదించి, మిగిలిన సమయంలో పిల్లలు ఇంటివృత్తి నేర్చుకోవాలని తలపెట్టింది. ఆ ఏడాది అక్టోబరు 1 వరకు ఆంధ్ర జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే. పుట్టుకనే భవితవ్యంగా మారుస్తోందన్న తీవ్రవిమర్శల మధ్య 1954లో కామరాజు ప్రభుత్వం దానిని ఉపసంహరించింది. ఒకటి ప్రాథమిక స్థాయికీ మరొకటి మాధ్యమిక స్థాయికీ చెందినా, బాలుడి వృత్తిని ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నకు ఆ రెండూ ఇచ్చిన సమాధానాలు పరస్పర విరుద్ధాలు.

4. తరువాయి పరిణామాలు

బి. శివరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం (1952–54) సిఫారసుల ఫలితంగా ఉపాధి కల్పనా కార్యాలయాల్లోనూ వృత్తి సలహా విభాగాలు వచ్చాయి. అయితే చదువు ముగించి, పని వెతుక్కుంటూ వచ్చిన వ్యక్తికి అక్కడ దొరికేది ఉన్న అర్హతకు తగిన సలహా. ఆ అర్హతను నిర్ణయించిన ఎంపిక అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

కొఠారి కమిషన్ (1964–66) ఈ లోపాన్ని సరిదిద్దే ఆలోచన చేసింది. మార్గదర్శకత్వం ప్రాథమిక దశ నుంచే మొదలు కావాలనీ, పది మాధ్యమిక పాఠశాలలకు ఒక సంచార సలహాదారైనా ఉండాలనీ సూచించింది. 1986 జాతీయ విద్యావిధానం మాత్రం లక్ష్యాన్ని అంకెల్లో చెప్పింది: ఉన్నత మాధ్యమిక విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తివిద్యలో చేరాలి. 1992 సవరణ ఆ గడువులను 1995కూ, 2000కూ జరిపింది. అంకెలు మారలేదు, ఏళ్లు మారాయి.

5. తెలుగునేల

ఆంధ్రప్రదేశ్‌లో 1969–70 నుంచి రెండేళ్ల ఇంటర్మీడియట్ అమలైంది. దానితో పదో తరగతి ముగింపు నిర్ణాయక ఘట్టమైంది. ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అనే పొడి అక్షరాలు పదిహేనేళ్ల పిల్లల జీవితాలకు దిక్సూచులయ్యాయి. 1986లో మొదలైన ఎంసెట్ మొదటి రెండు గ్రూపులకు గమ్యాలను స్పష్టంగా చూపింది. ‘ఏ గ్రూపు?’ అన్న ప్రశ్న ‘ఏ పని?’ అన్న ప్రశ్నకు బదులుగా నిలిచింది. ఇంట్లో చదువుకున్నవారున్న విద్యార్థికి ఆ ప్రశ్నల నడుమ తేడా చెప్పేవారు ఉంటారు. తొలితరం విద్యార్థికి మార్కుల జాబితాయే సలహాదారు.

6. ముగింపు

• హంటర్ నుంచి 1992 సవరణ వరకు దారులు పెరిగాయి. దారి చూపే వ్యవస్థ ఆ మేరకు పెరగలేదు.

• వృత్తి మార్గదర్శకత్వం సామాజిక న్యాయానికి సంబంధించిన అంశం. అది లేనిచోట నిర్ణయాధికారం కుటుంబ నేపథ్యానికో, పరీక్షలో వచ్చిన ర్యాంకుకో చేరుతుంది.

• కొఠారి కమిషన్ సూచించినట్లు సలహా ఎంపికకు ఏళ్ల ముందే మొదలైతేనే సార్థకం. సలహాదారు లేని పాఠశాలలోనూ తెలుగు ఉపాధ్యాయుడు ఉంటాడు. ఊరిలోని వృత్తులను పరిశీలించి, ఆ పని చేసేవారితో మాట్లాడి వ్యాసం రాయించడం తెలుగు తరగతికి కొత్త భారం కాదు. ‘ఉద్యోగం’ అన్న మాటకు దాని తొలి అర్థమైన ప్రయత్నాన్ని తిరిగి చేర్చే పని అక్కడ మొదలు కావచ్చు.